ఇంటి కొలిమి – ఏడో పాఠం: మొదటి కత్తులు అమ్మడం

ఈపాటికి మీ దగ్గర నాలుగైదు వంటింటి కత్తులు తయారై ఉండాలి. లారీ కమాను పట్టీ నుంచి తీసిన అలుగు, వేరుశనగ నూనెలో ముంచి గట్టిపరచి, 200 డిగ్రీల వేడిలో రెండేసి గంటల చొప్పున రెండుసార్లు టెంపరింగ్ (గట్టిపడ్డ అలుగు పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడిచేయడం) చేసినది, నల్లతుమ్మ పిడి. వాటిని బంధువులకు ఊరికే పంచిపెట్టకండి. ఊరికే వచ్చిన వస్తువుకు ఎవరూ వంక పెట్టరు. మొహమాటానికి బాగుందని చెప్పి, మళ్లీ తమ కత్తిపీట ముందే కూర్చుంటారు. డబ్బు పెట్టి కొన్నవారు మాత్రం నిజం చెబుతారు. తక్కువ ధరకైనా సరే, అమ్మండి.

అమ్మే ముందు ప్రతి కత్తికీ పిడి దగ్గర ఒక అంకె కొట్టండి. అదే అంకె కింద నోటుపుస్తకంలో రాసుకోండి: ఇనుము ఎక్కడిది, టెంపరింగ్ ఎంత వేడిలో, ఎంతసేపు, అంచుకు కాస్త పైన అలుగు మందం ఎంత. ఆ పుట లేకపోతే రేపు కొన్నవారు చెప్పే లోపానికి కారణం మీకు దొరకదు.

ఎవరికి అమ్మాలి? రోజూ ఎక్కువగా తరిగేవారికి. నా మూడో కత్తిని కర్నూలులో ఉగ్గాని, బజ్జీల బండి నడిపే ఒక అక్కకు అమ్మాను. తెల్లవారకముందే ఆమె గంపెడు ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు తరగాలి. వారం తర్వాత వెళ్లి “ఎలా ఉందక్కా?” అని అడిగాను. “బాగానే ఉంది నాయనా” అన్నారు. ఒకసారి నా ముందు తరగమని బతిమాలాను. పది ఉల్లిపాయలు కాకముందే ఆమె కత్తి పట్టు మార్చుకున్నారు. చూస్తే చూపుడువేలు మొదట్లో చర్మం కంది, కాయ కాస్తోంది. కత్తి వీపును నేను ఆకురాయితో గుండ్రంగా చేయకుండా, కోసిన అంచుతోనే వదిలేశాను. ఆమె నోటితో చెప్పనిది ఆ వేలు చెప్పింది. అక్కడే బండి పక్కన కూర్చుని రుద్ది ఇచ్చాను. అందుకే ఎలా ఉందని అడగకండి. ఎదురుగా కూర్చుని తరగమనండి, చేతులు చూడండి.

ఉల్లిపాయ కత్తికి మంచి పరీక్ష. అలుగు దిగుతుండగానే ‘టక్’మని పాయ పగిలిందంటే అది తెగడం లేదు, చీలుతోంది. అంచుకు పైభాగం ఇంకా మందంగా ఉందన్నమాట. అక్కడ మందం అర మిల్లీమీటరుకు మించకుండా పలచన చేయండి. కొత్తవారిలో చాలామంది అంచునే మళ్లీ మళ్లీ సానపడతారు. దానివల్ల ఏమీ మారదు.

రెండు వారాల తర్వాత కత్తిని ఒక పూట తిరిగి తెచ్చుకుని, దీపం కింద అంచును మీ వైపు తిప్పి చూడండి. సన్నని తెల్లని గీత మెరిస్తే అది మామూలు అరుగుదల, సానపెడితే చాలు. అంచు ఒక పక్కకు వాలిపోయి ఉంటే అలుగు మెత్తగా ఉంది. సానచక్రం మీద వేడెక్కి నీలి రంగుకు తిరిగి ఉండవచ్చు, లేదా మొదట్లోనే సరిగా గట్టిపడి ఉండకపోవచ్చు. ఆకురాయి జారకుండా కొరికితే మళ్లీ కొలిమికి వెళ్లాల్సిందే. చిన్న చిన్న పెచ్చులు ఊడితే అలుగు పెళుసుగా ఉంది. పిడి విప్పి 220 డిగ్రీల దగ్గర మరోసారి టెంపరింగ్ చేయండి. పిడి ఉండగా చేస్తే చెక్కా, జిగురూ రెండూ పాడవుతాయి.

అయితే నింద కత్తి మీద వేసే ముందు, దేని మీద పెట్టి తరుగుతున్నారో చూడండి. మన ఇళ్లలో చాలాచోట్ల వంటగట్టు మీద పరిచింది కడప బండ. రాయి మీద తరిగితే ఎంత మంచి అంచైనా ఒక్క పూటలో మొద్దుబారుతుంది. కత్తిపీటకు అలవాటుపడిన చేతికి కింద చెక్క పెట్టుకోవాలన్న ఆలోచనే రాదు, అది వారి తప్పు కాదు. నేను ఇప్పుడు కత్తితో పాటు ఒక వేపపలక కూడా ఇస్తున్నాను.

చింతపండు, టమాటా, నిమ్మ తగిలితే ఈ ఇనుము నల్లబడుతుందని, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుందని అమ్మేటప్పుడే చెప్పండి. పిడి దగ్గర సందు ఉంటే అదీ చూపించండి. ధర సామాన్ల ఖర్చు మీద కొద్దిగా కలిపితే చాలు, ఇప్పుడే మీ గంటలకు కూలి కట్టకండి. ఏడాది పాటు సాన ఉచితం అని మాట ఇవ్వండి. సానకు వచ్చిన ప్రతిసారీ కత్తి మీ కళ్ల ముందుకు వస్తుంది.

రెండు జాగ్రత్తలు. పిడికి ఎర్రచందనం ముక్క ఎవరైనా ఇస్తామంటే తీసుకోవద్దు. ఈ జిల్లాల్లో అది నేరుగా కేసు. అలాగే వంటకు, వ్యవసాయానికి కాని కత్తుల జోలికి పోవద్దు. తొమ్మిది అంగుళాలకు మించిన అలుగును ఆయుధంగా చేస్తే అది ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. సీమలో వేటకొడవలి ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకు తెలుసు. అడిగినవారు ఎంత ఇస్తామన్నా నేను చేయను, మీరూ చేయకండి.

అభ్యాసం: ఈ నెలలో మూడు కత్తులు అమ్మండి. ఒకటి ఇంటికి, ఒకటి హోటలుకు, ఒకటి కూరగాయల అంగడికి. పదిహేనో రోజున మూడూ తెచ్చి పక్కపక్కన పెట్టి అంచులు చూడండి. కనిపించింది నోటుపుస్తకంలో ఆ అంకె కిందే రాయండి. వచ్చే పాఠంలో ఆ మూడు పుటలు ముందు పెట్టుకుని తర్వాతి కత్తికి నమూనా గీద్దాం.