ఆయిల్ డ్రెయిన్ బోల్ట్ స్లిప్ అయితే ఏం చేయాలి?

కారు ఇంజిన్ ఆయిల్ మార్చేటప్పుడు, పాత ఆయిల్ కిందికి దించే డ్రెయిన్ బోల్ట్ రెండు రకాలుగా మొండికేస్తుంది. పానా వేసి తిప్పితే బోల్ట్ కదలదు, పానా జారిపోతుంది. లేదా బోల్ట్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, కిందికి మాత్రం రాదు. షెడ్డులో రెండింటినీ ‘స్లిప్ అయింది’ అనే అంటారు. మొదటిదాంట్లో పోయింది బోల్ట్ తల మాత్రమే, కొత్త బోల్ట్ కొంటే సరి. రెండోదాంట్లో పోయింది మరలు. అవి బోల్ట్‌వైతే ఫర్వాలేదు, ఛాంబర్‌వైతేనే (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అసలు ఖర్చు. ఏది పోయిందో తేలకుండా సుత్తి పట్టుకోవద్దు.

అసలు ఇప్పుడే విప్పాలా?

బోల్ట్ దగ్గర ఆయిల్ కారడం లేదంటే టెన్షన్ పడాల్సిన పనే లేదు. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి పైపు దించి, చేతి పంపుతో పాత ఆయిల్ లాగేయవచ్చు. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే త్వరగా వస్తుంది. బయటికొచ్చింది ఎంతో కొలిచి, కారు మాన్యువల్‌లో రాసిన కొలతతో పోల్చుకోండి. కొన్ని కార్లలో పైపు అడుగుదాకా వెళ్లదు, కాస్త మిగిలిపోతుంది. ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసేటప్పుడు ఆ మిగిలినదాన్ని లెక్కలో ఉంచుకుని డిప్‌స్టిక్ చూస్తూ నింపండి. ఈలోగా బోల్ట్, వాషర్ తెచ్చుకుని తీరిగ్గా పని పెట్టుకోవచ్చు. ఆదివారం సాయంత్రం షాపులన్నీ మూసేశాక బోల్ట్‌తో కుస్తీ పట్టడం కంటే ఇదే మేలు.

విప్పే ముందు

కొత్త బోల్ట్, కొత్త వాషర్ చేతిలో ఉంటేనే పాతదాన్ని ముట్టుకోండి. మారుతి, హ్యుందాయ్, హోండా కార్లలో ఎక్కువగా ఉండేది 14 మిల్లీమీటర్ల బోల్ట్, 1.5 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం). టొయోటాల్లో ఎక్కువగా 12 మిల్లీమీటర్లు, 1.25 పిచ్. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ కొలత మర వ్యాసానిది, పానాది కాదు. 14 మిల్లీమీటర్ల బోల్ట్‌కు సాధారణంగా 17 నంబర్ పానా పడుతుంది. అందుకే స్పేర్ పార్ట్స్ షాపులో సైజు చెప్పి అడగకుండా, మోడల్, సంవత్సరం, ఇంజిన్ రకం చెప్పి తీసుకోండి.

కారును చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకండి, స్టాండ్‌లు ఉండాల్సిందే. బోల్ట్ ఊడి వచ్చాక ఆయిల్ ఒక్కసారిగా చేతి మీద పడుతుంది కాబట్టి అది కాలేంత వేడిగా ఉండకూడదు.

తల అరిగిపోతే

ముందు తిప్పే దిక్కు సరిచూసుకోండి. కింద పడుకుని పైకి చూస్తున్నప్పుడు చాలామంది తికమకపడి, విప్పుతున్నామనుకుని బిగించేస్తుంటారు. బోల్ట్ తలను ఎదురుగా చూస్తూ గడియారం ముల్లుకు వ్యతిరేక దిక్కులో తిప్పాలి.

మట్టి, జిడ్డు తుడిచి, వాషర్ అంచున డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు వదిలేయండి. తర్వాత ఆరు మూలల సాకెట్ తొడగండి. పన్నెండు మూలల రింగ్ పానా ఇలాంటి తలను ఇంకా అరగదీస్తుంది, స్క్రూ పానా గురించి చెప్పనే అక్కర్లేదు. ఆరు మూలల సాకెట్‌కూ పట్టు దొరక్కపోతే ఒక సైజు చిన్న సాకెట్ తీసుకోండి. 17 తలకు 16, 14 తలకు 13. దాన్ని సుత్తితో మెల్లగా కొట్టి తల మీదికి ఎక్కించి తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. ఛాంబర్ అల్యూమినియంది అయితే గట్టిగా కొట్టొద్దు, పగులుతుంది.

అదీ కుదరకపోతే గ్రిప్ ప్లయర్‌ను తల మీద బాగా బిగించి లాగండి. ఇలా అరిగిన తలల కోసమే లోపల మెలి తిరిగిన పళ్లతో వచ్చే సాకెట్లు ఉన్నాయి. తిప్పేకొద్దీ పట్టు పెరుగుతుంది. తరచూ సొంతంగా పని చేసుకునేవాళ్లు ఒక సెట్ కొనుక్కోవచ్చు. చివరి మార్గం తల మీద నట్టు వెల్డింగ్ చేయించి తిప్పడం. అది ఇంట్లో చేసే పని కాదు, షెడ్డుకు వదిలేయండి.

డస్టర్ లాంటి రెనో కార్లలో బోల్ట్ తల లోపల చతురస్రపు గుంట ఉంటుంది. దానికి 8 మిల్లీమీటర్ల చతురస్రపు కీ వాడాలి. ఆరు మూలల ఎలెన్ కీ దూర్చి గుంటను పాడుచేయకండి.

బోల్ట్ తిరుగుతూనే ఉండి రాకపోతే

సన్నటి స్క్రూడ్రైవర్‌ను తల అంచు కింద దూర్చి కిందికి లాగిపెడుతూ, ఇంకో చేత్తో బోల్ట్ తిప్పండి. మిగిలి ఉన్న మరలకు పట్టు దొరికి మెల్లగా బయటికొస్తుంది. ఆయిల్ తొట్టి కిందే ఉండాలి.

బయటికొచ్చిన బోల్ట్‌ను గుడ్డతో తుడిచి చూడండి. మరల మధ్య స్ప్రింగ్ చుట్టలా వెండి రంగు తీగ చుట్టుకుని ఉంటే అది అల్యూమినియం ఛాంబర్‌లోంచి ఊడిన మర. అదేమీ లేకుండా బోల్ట్ మరలే అరిగి ఉంటే మీకు అదృష్టం ఉన్నట్టే. నిర్ధారణకు కొత్త బోల్ట్‌ను పానా లేకుండా వేళ్లతో తిప్పండి. చివరిదాకా సాఫీగా వెళ్లి, ఊపితే ఊగకుండా ఉంటే ఛాంబర్ బాగున్నట్టే. రెండు చుట్లకే బిగుసుకుంటే వెంటనే ఆపండి. మర తప్పి ఎక్కుతోంది.

ఛాంబర్‌లో మొదటి ఒకటి రెండు మరలు మాత్రమే నలిగితే అదే సైజు ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టు) శుభ్రం చేయవచ్చు. ట్యాప్ గాడుల్లో గ్రీజు నింపితే రజను దానికే అంటుకుంటుంది. ఒక చుట్టు ముందుకు, అర చుట్టు వెనక్కి అన్నట్టు తిప్పాలి. పని అయ్యాక పైనుంచి అర లీటరు ఆయిల్ పోసి కిందికి వదిలి కడగండి. అయస్కాంతం పెట్టి లాగేద్దామంటే అది ఇనుప రజనునే పట్టుకుంటుంది, అల్యూమినియం జోలికి పోదు.

ఛాంబర్ మరలు పూర్తిగా పోతే షాపుల్లో ‘ఓవర్‌సైజ్’ బోల్ట్ ఇస్తారు. తనంతట తానే కొత్త మర కోసుకుంటూ ఎక్కుతుంది. పాత కారుకు, నిటారుగా ఎక్కించగలిగితే, పని జరిగిపోతుంది. కానీ ఏమాత్రం వంకరగా కోసినా వాషర్ సమంగా కూర్చోదు, కారుతూనే ఉంటుంది. దీన్ని వేసినవాళ్లు తర్వాత బోల్ట్ జోలికి పోకుండా ప్రతిసారీ పంపుతో లాగడమే మంచిది.

నన్నడిగితే, ఇంకా కొన్నేళ్లు వాడుకునే కారైతే ఛాంబర్ విప్పి లేత్ షాపుకు ఇవ్వడమే సరైన పని. రంధ్రం పెద్దది చేసి, ఉక్కు బుష్ దింపి, పాత సైజు మర తీసి ఇస్తారు. ఆ మర మొదటిదానికంటే గట్టిగా ఉంటుంది. అల్యూమినియం ఛాంబర్ పగిలి ఉంటే ఆర్గాన్ వెల్డింగ్ తెలిసినవాళ్లే చేయాలి. రేకు ఛాంబర్ అయితే కొత్తదాని ధర కనుక్కోండి, రిపేరుకు అటూఇటూగానే ఉండవచ్చు. ఛాంబర్ విప్పినప్పుడు లోపలి జల్లెడ కూడా శుభ్రం చేయించండి.

టెఫ్లాన్ టేపు చుట్టడం, ఎం-సీల్ పూయడం మాత్రం వద్దు. జిడ్డున్న లోహానికి ఎం-సీల్ సరిగా పట్టదు. టేపు ముక్కలు లోపలికి పోతే వెళ్లి ఆ జల్లెడకే అడ్డుపడతాయి.

బిగించేటప్పుడు

ఈ తంటా అంతటికీ మూలం చాలావరకు ఎవరో బోల్ట్‌ను అతిగా బిగించడమే. బోల్టులు బిగించే గన్ పెట్టి బర్రుమనిపించడం, పాత వాషరే మళ్లీ వేసి కారుతోందని ఇంకాస్త లాగడం. చాలా కార్లకు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు చాలు, మీ కారుకు ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. అడుగు పొడవున్న పానా చివర 12, 13 కిలోల బరువు వేలాడదీసినంత బలం అంతే. వేళ్లతో చివరిదాకా ఎక్కించి, ఆ తర్వాతే టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) వేయండి.

ఆయిల్ పోసి ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఎర్ర ఆయిల్ లైటు కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆఫ్ చేయండి. కొన్ని నిమిషాలు నడిచాక ఆపి, బోల్ట్ చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. రాత్రంతా కింద అట్టముక్క పరిచి ఉంచితే చుక్క పడినా తెలుస్తుంది. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి. చుక్క కనిపిస్తే ఇంకా బిగించొద్దు. ఆయిల్ దించి, వాషర్ కూర్చునే చోటు శుభ్రం చేసి, వాషర్ మార్చండి. పాత ఆయిల్‌ను డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌కు ఇచ్చేయండి. దాన్ని కాలువలో పోయకూడదు, 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం.