కర్రీ పాయింట్‌లో ప్లాస్టిక్ లేని పార్సిల్ ఎలా కట్టాలి

కాకినాడ అయినా అమలాపురం అయినా రూలు ఒక్కటే. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. కాజా డబ్బాల మీద చుట్టే పల్చటి ఫిల్ము కూడా అంతే. ప్లాస్టిక్ క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) తగ్గకూడదు. తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం దానిమీద అచ్చు వేసి లేకపోతే కొనకండి.

వేపుళ్లకి, పులిహోరకి అరిటాకును మించింది లేదు, పైగా మనకి అరటి మార్కెట్టు ఉన్న రావులపాలెం పక్కనే. ఆకు కడిగి, తడి తుడిచి, రంగు ముదిరి మెత్తబడేదాకా సన్నటి సెగ మీద అటూ ఇటూ తిప్పండి. పచ్చిగా మడిస్తే ఈనెల వెంట చీలి నూనె కారుతుంది. నడిమి ఈనె తీసేసి, రెండు ముక్కలు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పరిచి, పురికొసతో కట్టండి. పైన న్యూస్‌పేపరు వద్దు, సిరా కూరకి అంటుతుంది.

పులుసులు, సాంబారు ఆకులో ఆగవు. స్టీలు బాక్సు డిపాజిట్ మీద ఇవ్వండి. డిపాజిట్ బాక్సు ఖరీదంతా ఉండాలి, తక్కువైతే బాక్సు తిరిగి రాదు. ఇంటి నుంచి గిన్నె తెచ్చినవాళ్లకి ముందు ఖాళీ గిన్నె కాటా మీద పెట్టి, కాటాని సున్నాకి తెచ్చి చూపించి, అప్పుడు కూర వెయ్యండి. ముప్పావు వంతే నింపండి. అంచుదాకా పోస్తే బండి కుదుపులకి మూత సందుల్లోంచి కారిపోతుంది, మర్నాడు ఆ మనిషి మళ్లీ కవరే అడుగుతారు.