ఎండలు ముదరకముందే పాత అంబాసిడర్ టైమింగ్ సరిచూసుకునేవారికి జాగ్రత్తలు

కడపలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు దగ్గరపడుతున్నాయి కనుక, పెట్రోలు అంబాసిడర్ ఉన్నవారు టైమింగ్ (ప్లగ్‌లో నిప్పురవ్వ పడే సమయం) మార్చడానికి డిస్ట్రిబ్యూటర్‌ను (ప్లగ్‌లకు కరెంటు పంచే భాగాన్ని) తిప్పే ముందు ఈ సంగతులు చూసుకోవాలి.

టైమింగ్‌ను అవసరానికి మించి ముందుకు జరపవద్దు, అంటే నిప్పురవ్వ మరీ త్వరగా పడేలా పెట్టవద్దు. గువ్వలచెరువు ఘాట్‌లో నిండు బరువుతో ఎక్కేటప్పుడు, డబ్బాలో గోలీలు కదిలినట్టు కటకటమని శబ్దం వస్తే అది నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండడం. దాన్ని పట్టించుకోకుండా నడిపితే పిస్టన్ దెబ్బతిని ఇంజన్ మొత్తం విప్పవలసి వస్తుంది.

డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకునే పాయింట్ల గ్యాప్ సరిచేసిన తర్వాతే టైమింగ్ ముట్టుకోండి. గ్యాప్ పెరిగితే పాయింట్లు త్వరగా తెరుచుకుని టైమింగ్ కూడా ముందుకు జరుగుతుంది. దాదాపు 0.4 మి.మీ. ఉంటే సరిపోతుంది. అయితే ఒక పాయింట్‌పై గుంట, రెండోదానిపై బుడిపె ఏర్పడి ఉంటే ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) అసలు గ్యాప్‌ను తక్కువ చేసి చూపుతుంది. అలాంటివి గీకి వాడుకోవడం కంటే కొత్తవి వేయడమే మేలని నా గట్టి అభిప్రాయం.

మొదటి సిలిండర్ కంప్రెషన్‌లోనే (గాలిని నొక్కే దశలోనే) ఉందని నిర్ధారించుకోండి. ఇంజన్ ముందున్న పుల్లీ మీది టైమింగ్ గుర్తు ఎగ్జాస్ట్ స్ట్రోక్ (పొగ బయటికి పోయే దశ) చివరన కూడా కలుస్తుంది కాబట్టి, ప్లగ్ తీసి రంధ్రంపై వేలు పెట్టి గాలి తన్నుతోందో లేదో చూడాలి.

టైమింగ్ లైట్ (పుల్లీ గుర్తుపై మెరిసి టైమింగ్ చూపే దీపం) పెట్టేటప్పుడు డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టం ఊడదీసి మూయండి. లేకపోతే అది టైమింగ్‌ను ముందుకు జరిపే మేర (అడ్వాన్స్) కూడా కొలతలో కలిసిపోవచ్చు.

ప్లగ్ వైర్లు తీస్తే సిలిండర్లు మండే 1-3-4-2 క్రమంలోనే తిరిగి పెట్టండి.