నడుం వంచకుండా గడ్డి చెక్కాలంటే పారను ఎలా మార్చుకోవాలి?

షాపులో కొన్న పారను సగం తయారైన పనిముట్టుగానే చూడాలి. మిగతా సగం మీ ఎత్తును, మీ నేలను బట్టి మీరే పూర్తి చేసుకోవాలి. ఈ మాట ఎంతమందికి చెప్పినా, పెరట్లో మళ్లు వేసుకునేవాళ్లు కొన్న పారను కొన్నట్టే వాడి, వారం తిరిగేసరికి నడుం పట్టేసిందని మూలన పడేస్తున్నారు. కొంచెం తెలివైనవాళ్లు పొడుగు కామ, అంటే పొడుగు పిడికర్ర వేయిస్తారు. అప్పుడూ నడుం నొప్పి పోదు, ఎందుకంటే కామ పొడుగు ఒక్కటే మార్చి కోణం మార్చలేదు. ఈ రెండూ కలిపి మార్చాలి. విడివిడిగా మారిస్తే డబ్బు దండగ.

నేను చెప్పేది కూరగాయల మళ్లలో కలుపు తీయడానికి, పైమట్టి గుల్ల చేయడానికి పనికొచ్చే దోకుడు పార గురించి. గుంతలు తవ్వడానికి వేరే పార ఉంచుకోండి. ఒకే పారతో రెండు పనులూ చేద్దామనుకుంటే రెండూ సరిగా జరగవు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఒక పాత పార, ఒక కర్ర, 10 అంగుళాల ఆకురాయి, ఒక మందపాటి అట్టముక్క, స్కూలు పిల్లల కోణమాని, లెవెల్ చూపించే యాప్ ఉన్న ఫోన్. దగ్గర్లో కొలిమి ఉంటే మంచిది, లేకపోతే వెల్డింగ్ షాపు. పాత పారే ఎందుకంటే, ఏళ్ల తరబడి అరిగిన రేకు తేలికగా ఉంటుంది, అన్నేళ్లు నిలిచిందంటే ఇనుము మంచిదని కూడా తెలిసిపోతుంది. ఊళ్లో ఏ ఇంటి కొట్టంలో వెతికినా ఒకటి దొరుకుతుంది. రేకు జానెడు కంటే వెడల్పుంటే రెండు పక్కలా కోయించి 15 సెంటీమీటర్లకు తెండి. నల్లరేగడి అయితే ఇంకో రెండు సెంటీమీటర్లు తగ్గించండి. ఆ మట్టి రేకుకి అంటుకుని పార బరువు రెట్టింపు చేస్తుంది.

ముందు కామ

కర్రను మీ పక్కన నిలువుగా నిలబెడితే చంకకీ గడ్డానికీ మధ్యకు రావాలి. ఎండిన నల్లతుమ్మ మంచిది, లోపల డొల్ల లేని గట్టి వెదురు ఇంకా మంచిది, తేలిక కాబట్టి నేనైతే వెదురే వాడతాను. లావు 3 నుంచి 3.5 సెంటీమీటర్లు. పిడికిలి పడితే బొటనవేలు చూపుడువేలి కొనను తాకాలి, అంతకన్నా లావైతే అరగంటకే మణికట్టు లాగుతుంది. వార్నిష్ వేయకండి, చేతులు బొబ్బలెక్కుతాయి. గాజుపేపరుతో నున్నగా రుద్ది అవిసె నూనె పట్టించండి చాలు. నూనె తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు, అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. విప్పి ఆరుబయట తీగ మీద ఆరేయండి.

కామను లావు చివర కన్ను (కామ దూరే రంధ్రం) దగ్గర బిగుసుకునేలా ఎక్కించాలి. అంటే సన్న చివరను రేకు అవతలి పక్క నుంచి కన్నులోకి దూర్చి, కర్రంతా లాగేసి, మొదలు దగ్గర ఆపాలి. అప్పుడు మీరు లాగిన కొద్దీ బిగుస్తుంది. సన్న చివరను కన్నులో పెట్టి మేకులు కొట్టే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మేకు దగ్గరే కర్ర చీలుతుంది, ఒకరోజు రేకు ఊడి కాలి మీద పడుతుంది. వదులైన పారను రాత్రంతా నీళ్లలో నానబెట్టడం కూడా అంతే. నానినప్పుడు కర్ర ఉబ్బి కన్నులో నలిగిపోతుంది, ఎండాక ముందుకన్నా సన్నబడి ఇంకా వదులవుతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో అది రెండు రోజుల పని.

అసలు పని, కోణం

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా. నెమ్మదిగా చదవండి.

గడ్డి చెక్కేటప్పుడు రేకు నేల మీద దాదాపు పడుకుని, అంచు మట్టి కింద కొద్ది లోతులో జారుతూ రావాలి. నేలకీ రేకుకీ మధ్య 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే అది జరుగుతుంది. అంతకన్నా నిటారుగా ఉంటే అంచు లోపలికి దిగబడి పార ఆగిపోతుంది, మీరు గుంజాలి. అంతకన్నా పడుకుంటే అంచు గడ్డి మీదుగా జారిపోతుంది, ఏమీ తెగదు.

ఇప్పుడు అసలు విషయం. రేకు నేలతో ఏ కోణంలో ఉంటుందనేది మీ చేతుల ఎత్తు మీద ఆధారపడి ఉంటుంది. చేతులు పైకెత్తితే కామ నిటారుగా లేస్తుంది, దాంతో అంచు కూడా నేల మీంచి లేస్తుంది. చేతులు కిందకి దించితే అంచు దిగబడుతుంది. వంగి పనిచేసే మనిషికి సరిపోయే కోణం ఉన్న పారకు పొడుగు కామ వేసి నిటారుగా నిలబడితే, చాలాసార్లు అంచు మట్టిని పట్టదు. పట్టేలా చేయడానికి మనిషి తనకు తెలియకుండానే చేతులు దించుతాడు, చేతులు దించడానికి నడుం వంచుతాడు. పొడుగు కామ వేయించినా నొప్పి తగ్గలేదనేవాళ్ల కథ ఇదే.

కాబట్టి కోణం మీ ఒంటి మీదే కొలవాలి. పనిలో వేసుకునే చెప్పులే వేసుకుని చదునైన చోట నిలబడండి. రేకు లేని కామను తీసుకుని రెండు బొటనవేళ్లూ పైకి ఉండేలా పట్టుకోండి, పొడుగు చీపురుతో వాకిలి ఊడ్చేటప్పుడు పట్టుకున్నట్టు. వీపు నిటారుగా, భుజాలు వదులుగా ఉండాలి. కర్ర చివరను ముందుకు చాచి నేలకు ఆనించి, పాదాల వైపు ఓ అడుగు దూరం లాగండి. ఆ దారి మధ్యలో ఆగి, ఇంట్లో ఎవరినైనా పిలిచి ఫోన్‌ను కర్ర మీద ఆనించి లెవెల్ యాప్‌లో నేలకీ కర్రకీ మధ్య ఎన్ని డిగ్రీలు చూపిస్తోందో చదవమనండి. మధ్యలోనే ఎందుకంటే, లాగుతున్నకొద్దీ కర్ర నిటారుగా లేస్తుంది కాబట్టి మొదట్లో ఒక అంకె, చివర్లో ఇంకో అంకె వస్తాయి. మధ్య అంకెకి కట్టిన పార మొదట్లో కాస్త కరుస్తుంది, చివర్లో తనే తేలిపోతుంది, అది మనకు లాభమే. ఒకసారి కొలిచి సరిపెట్టుకోకండి. కాసేపు నడిచొచ్చి మళ్లీ కొలవండి, ఎందుకంటే కొలుస్తున్నారని తెలిస్తే మనుషులు సిపాయిల్లా బిగుసుకుని నిలబడతారు.

ఎక్కువమందికి 50, 60 డిగ్రీల మధ్య వస్తుంది. దానికి నేలను బట్టి 15 నుంచి 20 కలపండి. గుల్లగా ఉండే ఎర్రనేలకి, ఇసుక కలిసిన దానికి 15 చాలు, ఎండితే గట్టిపడే నేలకి 20. నాకు 52 వస్తుంది, దానికి 18 కలిపి 70 పెట్టుకున్నాను. కామకీ రేకుకీ మధ్య, మీ వైపున ఉండాల్సిన కోణం అదే. రేకుకి వంపు ఉంటే మొత్తం రేకును చూడొద్దు, అంచు దగ్గర నాలుగు వేళ్ల మేర ఏ దిశలో ఉందో అదే లెక్క.

ఆ కోణాన్ని అట్ట మీద కోణమానితో గీసి కత్తిరించండి. కొలిమి దగ్గరికి వెళ్లి నోటితో డెబ్భై డిగ్రీలు అని చెప్పి వచ్చేయకండి, పని చేసే మనిషికి కావాల్సింది అంకె కాదు, ఆనించి చూసుకునే అచ్చు. అట్ట చేతికిచ్చి అక్కడే నిలబడండి.

వంచడంలో మూడు జాగ్రత్తలు, మూడూ ముఖ్యమే. మొదటిది, చల్లగా ఉన్నప్పుడు సుత్తితో కొట్టి వంచనివ్వొద్దు, కన్ను మొదట్లో పగులు వస్తుంది, ఆ రోజు కనిపించకపోయినా వానాకాలంలో పని మధ్యలో విరుగుతుంది. మెడ దగ్గర, అంటే కన్నూ రేకూ కలిసే చోట మాత్రమే బాగా ఎర్రగా కాల్చి వంచాలి. రెండోది, వేడి అంచు దాకా పాకకూడదు. రేకు కింది సగానికి తడి గోనెగుడ్డ చుట్టించండి, ఆరిపోతుంటే నీళ్లు పోస్తూ ఉండండి. అంచు నీలం రంగుకి తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలినట్టు, అక్కడ ఇనుము మెత్తబడి ఉంటుంది, ఎంత నూరినా పదును నిలవదు. మూడోది, వంచాక మెడను నీళ్లలో ముంచనివ్వొద్దు. కొలిమిలో అలవాటు కొద్దీ చుయ్యిమని ముంచేస్తారు, మంచి ఇనుమైతే అక్కడ పెళుసుబారి విరుగుతుంది. గాలికి దానంతట అది చల్లారాలి. కోణం చూసుకోవడానికి కన్నులో ఇనుప పైపు ముక్క పెట్టమనండి, కర్ర పెడితే కాలుతుంది.

కన్ను వెల్డింగ్‌తో అతికించిన రకమైతే వంచడం కుదరదు, అతుకు దగ్గర పగులుతుంది. కోయించి, అచ్చు ఆనించి, రెండు పక్కలా మళ్లీ వెల్డింగ్ చేయించండి. అప్పుడూ తడి గోనె తప్పదు.

ఇంటికొచ్చాక కామ ఎక్కించి ఇంకొకటి చూడండి, దీన్ని దాదాపు ఎవరూ చూడరు. కామ పై చివర నుంచి రేకు ఎడమ మూలకి దారం పట్టి కొలవండి, అదే దారం కుడి మూలకి పట్టండి. రెండూ సమానంగా రావాలి. తేడా ఉంటే పార ఒక పక్కకి లాగుతుంది, మొక్క మొదట్లో తగులుతుంది.

ఇంతా చేసి నేల మీద నొక్కకుండా లాగి చూడండి. వేలెడు మందం కన్నా తక్కువ పొర లేస్తూ, గడ్డి వేళ్లు తెగుతూ రావాలి. కొంచెం దిగబడుతున్నా, కొంచెం జారుతున్నా మళ్లీ కొలిమికి పరిగెత్తక్కర్లేదు. కన్నులో ఒక పక్క కర్రను చెక్కి, ఎదుటి పక్క పలుచటి తుమ్మచెక్క సీల కొడితే మూడు, నాలుగు డిగ్రీలు సర్దుకుంటుంది.

తోసుకుంటూ కలుపు తీసే చక్రాల గొర్రు కొనుక్కోవచ్చు కదా అని అడుగుతారు. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ రెండు చక్రాల చేతి గొర్రును రూపొందించింది, పొడవాటి సాళ్లున్న చేనుకి అది చాలా మంచిది. కానీ పది అడుగుల మడిలో దాన్ని తిప్పుకోవడానికే సగం టైమ్ పోతుంది. కూర్చుని కుర్పీతో (చిన్న చేతి పనిముట్టుతో) తీయడం మొక్కల మొదళ్ల దగ్గర తప్పదు, మడి అంతా అలాగే తీయాలనుకోవడం మాత్రం మోకాళ్ల మీద దెబ్బ. పొడుగు కామతో పంట దెబ్బతింటుందని వాదించేవాళ్లకి నేను కాలిఫోర్నియా సంగతి చెబుతాను. అక్కడి లెట్యూస్ (సలాడ్ ఆకుకూర) తోటల్లో రెండడుగుల పొట్టి పారతో కూలీలను రోజంతా వంగబెట్టి పనిచేయించేవాళ్లు, కూలీల నాయకుడు సీజర్ చావెజ్ కూడా ఆ పార పట్టినవాడే. పొడుగు కామ ఇస్తే పని నాణ్యంగా రాదని తోటల యజమానులు వాదించారు. 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పొట్టి పార పోయింది, పొడుగు కామ వచ్చింది, లెట్యూస్ పంట మాత్రం ఆగలేదు. మన దగ్గర కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల ఎత్తుకి, వాళ్ల పిడికిలికి కొలిచి ఎవరూ పార చేయించి ఇవ్వరు, నాకు దీని మీద ఉన్న కోపం అంతా ఇంతా కాదు.

పదును

పదును ఒక్క పక్కనే పెట్టాలి, అదీ కామ వైపు తిరిగిన ముఖానికే. నేలకు ఆనే ముఖాన్ని నూరితే ఆ ఏటవాలు వెనక చివరే ముందు మట్టికి రాసుకుని అంచును పైకి లేపేస్తుంది, అంత కష్టపడి పెట్టిన కోణం పోతుంది. ఏటవాలు 30 డిగ్రీలు చాలు. కొలిచే తేలిక పద్ధతి చెబుతాను, నూరిన పట్టీ వెడల్పు రేకు మందానికి రెట్టింపు ఉండాలి. రెండున్నర మిల్లీమీటర్ల రేకుకి 5 మిల్లీమీటర్ల పట్టీ. ఆకురాయిని ముందుకి తోసేటప్పుడే నొక్కండి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తీసుకోండి. గ్రైండర్ మెషిన్ వద్దు, అర నిమిషంలో అంచును నీలం చేసేస్తుంది. పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ నాలుగు తోపులు తోస్తే మళ్లీ పెద్దగా నూరాల్సిన పని రాదు.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడే పార అయితే అందరికన్నా పొడుగు మనిషికి కొలిచి చేయించండి. ఎత్తు తక్కువ ఉన్నవాళ్లు కామను కాస్త కిందకి పట్టుకుంటే అదే కోణం వస్తుంది, పొట్టి మనిషికి కొలిచిన పారతో పొడుగు మనిషి మాత్రం వంగక తప్పదు. ఎవరికి ఎక్కడ సరిపోతుందో ఫోన్‌తో ఒకసారి చూసి, ఆ చోట కామకు రంగు టేపు చుట్టండి, ఒక్కొక్కరికి ఒక్కో రంగు.