రిమోటుతో నడిచే తెరచాప ఓడ: ఎంత సైజులో కట్టాలి?

రిమోటు తెరచాప ఓడ కట్టాలని ముచ్చటపడేవాళ్ళు ముందుగా అడిగే మాట, "అన్నా, ఎంత పొడవు పెట్టమంటావు?" అని. అడగాల్సింది పొడవు కాదు, బరువు. షోకేసులో పెట్టుకునే బొమ్మకి పొడవు తెలిస్తే చాలు. నీళ్ళలో దిగి, గాలికి వాలి, తనంతట తాను లేచి నిలబడాల్సిన ఓడకి మాత్రం బరువే సైజు. ఈ ఒక్క సంగతి పట్టించుకోక, ఆరేడు నెలలు కూర్చుని కట్టిన ఓడని మొదటి రోజే చెరువులో బోర్లా పడేసుకున్నవాళ్ళని ఎంతమందినో చూశాను. చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది.

ఉదాహరణకి మన నౌకాదళం శిక్షణ ఓడ ఐఎన్ఎస్ తరంగిణిని తీసుకుందాం. గోవా షిప్‌యార్డులో కట్టారు. 1997 నవంబరు 11న నౌకాదళంలో చేరింది, 2003-04లో ప్రపంచమంతా చుట్టి వచ్చింది. మూడు మాస్టుల (తెరచాపలు కట్టే నిలువు స్తంభాల) ఓడ. ముందు రెండు మాస్టులకీ అడ్డకొయ్యల మీద చదరపు తెరచాపలుంటాయి, వెనక మాస్టుకి మాత్రం ఓడ పొడుగునా కట్టే తెరచాపలు. ఇలాంటి కట్టుని బార్క్ అంటారు. ముందుకి పొడుచుకొచ్చిన కొమ్ముతో కలిపి పొడవు 54 మీటర్లు, బరువు 513 టన్నులు. లెక్కంతా ఈ రెండు అంకెల మీదే నడుస్తుంది.

కావాల్సినవి: కాలిక్యులేటరు, టేపు, వేలాడదీసే త్రాసు, 20 లీటర్ల నీళ్ళ క్యాను, నాలుగు థర్మోకోల్ షీట్లు, కాస్త సీసం. సీసానికి ఎక్కడెక్కడో తిరగక్కర్లేదు, వలలమ్మే కొట్లో వలకి కట్టే సీసపు గుండ్లు దొరుకుతాయి.

1. ముందు చెరువు చూడండి

గట్టు దగ్గర మోకాలి లోతు నీళ్ళుండాలి. నీళ్ళదాకా మెట్లుంటే మరీ మంచిది. గుర్రపు డెక్క ఉన్న చెరువు జోలికి వెళ్ళకండి. ఓడ అడుగున దిగే రెక్కకి ఒక్క తీగ చుట్టుకుందంటే ఓడ అక్కడే ఆగిపోతుంది, ఈదుకుంటూ వెళ్ళి తెచ్చుకోవాలి.

2. బరువుని మూడుసార్లు భాగించండి

1:36 స్కేలంటే అసలు ఓడలో 36వ వంతు. పొడవుని ఆ అంకెతో ఒకసారి భాగిస్తే చాలు. బరువుని మూడుసార్లు భాగించాలి, ఎందుకంటే పొడవు, వెడల్పు, లోతు మూడూ తగ్గుతాయి. 1:36 స్కేలులో తరంగిణి లెక్క ఇలా వస్తుంది: 5,13,000 కిలోలని 36తో భాగిస్తే 14,250. మళ్ళీ భాగిస్తే 396. మూడోసారి భాగిస్తే 11 కిలోలు. పొడవు మీటరున్నర.

ఇదే ఓడ 1:24లో అయితే 2.25 మీటర్లు, 37 కిలోలు. 1:48లో 1.12 మీటర్లు, 4.6 కిలోలు. 1:72లో 75 సెంటీమీటర్లు, 1.37 కిలోలు. పొడవు సగమైతే బరువు ఎనిమిదో వంతుకి పడిపోతోంది, గమనించండి.

టన్నుల దగ్గర ఇంకో తప్పు జరుగుతుంటుంది. లెక్కలోకి తీసుకోవాల్సింది ఓడ పక్కకి నెట్టే నీటి బరువు. పుస్తకాల్లో 'గ్రాస్ టన్నులు' అని రాసేది బరువు కాదు, ఓడ లోపలి జాగాకి కొలత. 1869 నాటి బ్రిటిష్ తెరచాప సరుకు ఓడ కట్టీ సార్క్ గ్రాస్ టన్నులు 963. సరుకుతో నిండినప్పుడు అది నెట్టే నీళ్ళు 2,100 టన్నులు. మొదటి అంకె పట్టుకుని 1:36లో కడితే 21 కిలోలు చాలనుకుంటారు. నీళ్ళలో పెట్టాక ఓడ బెండులా పైకి తేలి నిలుస్తుంది, అసలు నీటిగీతదాకా మునగాలంటే 45 కిలోలు కావాలి.

చెరువు నీళ్ళకన్నా సముద్రపు నీళ్ళు నూటికి రెండున్నర వంతులు బరువు. అందుకని మన 11 కిలోల్లోంచి ఓ పావుకిలో తీసేయండి. మొత్తం పదిన్నర, పదిముప్పావు కిలోలకి సిద్ధపడితే సరిపోతుంది.

3. సీసానికి ఎంత మిగులుతుందో తేల్చుకోండి

అందరూ దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఓడని చిన్నది చేసుకుంటూ పోతే గాలి చిన్నదవదు. స్కేలు సగం చేశారనుకోండి. తెరచాపల వైశాల్యం నాలుగో వంతు, వాటి ఎత్తు సగం. కాబట్టి పడదోసే శక్తి ఎనిమిదో వంతు. నిలబెట్టే శక్తి సంగతేంటి? బరువు ఎనిమిదో వంతైంది, ఆ బరువు ఉన్న లోతు కూడా సగమైంది. అంటే అది పదహారో వంతు. పడదోసేది ఎనిమిదో వంతు, నిలబెట్టేది పదహారో వంతు. సైజు సగం చేసిన ప్రతిసారీ ఓడ తట్టుకునే శక్తి సగానికి పడిపోతుంది. కట్టే చెయ్యి ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు.

1:36 ఓడ మీద గంటకి 10 కిలోమీటర్ల గాలి వీచిందంటే, అసలు ఓడ మీద 60 కిలోమీటర్ల గాలి వీచినట్టే. ఓడ తట్టుకునే శక్తి 36వ వంతైంది, గాలి తోపేమో దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 36కి వర్గమూలం 6, అందుకని ఆరు రెట్లు. మనం చల్లగాలి అనుకునేది దాని పాలిట హోరుగాలి. అందుకే అసలు ఓడకి లేని రెక్కొకటి అడుగున దించి, దాని చివర సీసం కట్టాలి.

సీసం ఎంత? 1:36లో నా లెక్క చెబుతాను. ఓడ బాడీ, డెక్కు కలిపి 3 కిలోలు. మాస్టులు, అడ్డకొయ్యలు, తెరచాపలు, తాళ్ళు 800 గ్రాములు. సర్వోలు (రిమోటు చెప్పినట్టు తిప్పే చిన్న మోటార్లు), తాళ్ళు లాగే వించీలు, బ్యాటరీ, రిమోటు సంకేతం అందుకునే రిసీవరు 800 గ్రాములు. ఇంకా 6 కిలోలు మిగిలాయి. అందులో 5 కిలోలు నీటిమట్టానికి 40 సెంటీమీటర్ల దిగువన రెక్క చివర కట్టండి. మిగతా కిలో లోపల విడిగా ఉంచి, ముందుకీ వెనక్కీ జరుపుతూ ఓడ మట్టం సరిచేసుకోండి.

ఇదే పద్దు 1:72కి వేయండి. మొత్తం ఉన్నదే 1.37 కిలోలు. సర్వోలూ బ్యాటరీ మీ ఓడ చిన్నదని చిన్నవైపోవు, ఎంత చిన్నవి వెతికినా 400 గ్రాములు. బాడీకి ఇంకో 400, పైకట్టుకి 200. సీసానికి దక్కేది 350 గ్రాములు, అదీ అరచెయ్యంత రెక్క మీద. నా మొదటి ఓడ ఇదే సైజు. గట్టు నుంచి పది గజాలు పోయిందో లేదో ఒక గాలి తెర వచ్చింది. తెరచాపలు నీళ్ళకి ఆని పడుకుంది, ఇక లేవలేదు. డెక్కు మూత సందుల్లోంచి బుడగలు రావడం గట్టు మీద నిలబడి చూశాను. బయటికి తీశాక రిసీవరు లోంచి నీళ్ళు కారుతున్నాయి.

రిమోటు రేసు పడవలవాళ్ళని చూసైనా నేర్చుకోవాలి. అంతర్జాతీయ వన్ మీటర్ క్లాసు పడవ కనీస బరువు 4 కిలోలు. అందులో రెక్క, సీసం కలిపే 2.2 నుంచి 2.5 కిలోలు. లోతు 42 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంటే బరువులో సగానికి పైగా నీళ్ళ కిందే. ఉన్న తెరచాపలేమో రెండే రెండు. ఇరవై దాకా చదరపు, ముక్కోణపు తెరచాపలు మోసే ఓడని అంతకన్నా తక్కువ సీసంతో నిలబెడతామంటే ఎలా కుదురుతుంది?

చిన్న ఓడకి పొడుగు రెక్క పెడితే సరిపోదా అంటారు. రెక్క పొడుగయ్యేకొద్దీ చుక్కానికి తిరగదు, గట్టు దగ్గర నేలకి తగులుతుంది. తెరచాపలు చిన్నవి చేస్తే? అప్పుడది తరంగిణిలా ఉండదు. అడుగున మోటారు దాచేవాళ్ళూ ఉన్నారు. గాలితో నడవని దానికి తెరచాపలెందుకో నాకర్థం కాదు. చదరపు తెరచాపల ఓడ అయితే మీటరు కన్నా పొట్టిది నీళ్ళలో వేయకూడదు, తరంగిణికి 1:36 తప్ప ఇంకో స్కేలు వద్దు.

ఇంకొక జాగ్రత్త. పైన వేసే ప్రతి గ్రామూ కింద సీసాన్ని తింటుంది. మాస్టు మీద 80 సెంటీమీటర్ల ఎత్తున 100 గ్రాములు పెంచారంటే, దాన్ని సరిపుచ్చడానికే 40 సెంటీమీటర్ల లోతున 200 గ్రాముల సీసం పోతుంది. ఇత్తడి మాస్టులు అందంగా ఉంటాయని మోజుపడకండి.

కాగితం మీద లెక్క కుదిరాక, కొయ్య కోయకముందే పరీక్ష చేయాలి. థర్మోకోల్ షీట్లు అంటించి ఓడ ఆకారానికి ఉజ్జాయింపుగా చెక్కండి. అడుగున పట్టీ గుచ్చి 5 కిలోల సీసం కట్టండి. లోపల ఇసుక సంచులు పెట్టి నీటిగీతదాకా ముంచండి. పెరట్లో సిమెంటు తొట్టి ఉంటే చాలు. మాస్టు చోట కర్ర నిలబెట్టి, దాని మధ్యలో దారం కట్టి, త్రాసు తగిలించి పక్కకి లాగండి. అన్ని తెరచాపలూ విప్పితే 10 కిలోమీటర్ల గాలి తోపు మూడు వందల గ్రాముల పైచిలుకు ఉంటుంది. కాబట్టి అర కిలో దాకా లాగండి. 20 డిగ్రీలకి మించి వాలకూడదు. తర్వాత డెక్కు అంచు నీటికి తగిలేదాకా చేత్తో వంచి వదిలేయండి. తటాలున లేవాలి. బద్ధకంగా, ఆలోచించుకుంటూ లేచిందంటే ఆ సైజు మీకు పనికిరాదు, ఓడ సైజు పెంచండి.

4. మోసి చూడండి

నీళ్ళ క్యానులో 11 లీటర్లు పోసి, ఇంటి మెట్లు దిగి, చెరువు మెట్లు దిగి, వంగి నీళ్ళకి ఆనించి, మళ్ళీ పైకి తెచ్చుకోండి. ఒక్కరే చేయగలిగితే ఆ బరువు మీది. 1:24 ఓడ 37 కిలోలు, అంటే దాదాపు రెండు నిండు క్యాన్లు. తోడు మనిషి దొరికిన ఆదివారమే అది చెరువు ముఖం చూస్తుంది.

ఆ థర్మోకోల్ ఓడనే కారులో పెట్టి తలుపు వేసి చూడండి. కొమ్ము, మాస్టులు, రెక్క ఊడదీసుకునేలా కడతారు కాబట్టి బాడీ పడితే చాలు.

5. చెయ్యి పట్టాలి

డెక్కు మీద మూత తెరిచి పిడికిలి లోపలికి పోవాలి, వేళ్ళు వించీ కిందదాకా అందాలి. తరంగిణికి ముందు మాస్టు అడ్డకొయ్యలు తిప్పడానికి ఒక సర్వో, మధ్య మాస్టుకి ఒకటి, చుక్కానికి ఇంకొకటి కావాలి. తాళ్ళు చిక్కుపడని రోజుండదు. చెయ్యి దూరని ఓడలో చిక్కు తీయాలంటే డెక్కు కోయాల్సిందే.

6. ప్లాను పెద్దది చేయించేటప్పుడు

ప్రింటు షాపుకి వెళ్ళే ముందు ప్లాను మీద, మీరు కట్టే సైజులో సరిగ్గా 10 సెంటీమీటర్లు రావాల్సిన గీతలు రెండు గీయండి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ప్రింటు చేతికి రాగానే అక్కడే స్టీలు స్కేలు పెట్టి రెండూ కొలవండి. మిషను కాగితానికి సరిపెట్టబోయి కొంచెం కుదించేస్తూ ఉంటుంది. 10 సెంటీమీటర్లలో ఒక్క మిల్లీమీటరు తగ్గినా మీటరున్నర ఓడలో సెంటీమీటరున్నర పోతుంది, బరువులో 330 గ్రాములు పోతాయి. ఆ 330 గ్రాములూ సీసం లోంచే తీయాల్సి వస్తుంది. కొలత కుదరకపోతే కాగితం అక్కడే ఇచ్చేసి మళ్ళీ తీయించండి.