ఈతలు మొదలయ్యే ముందు గొర్ల కాపరులు తీసుకోవలసిన జాగ్రత్తలు

నారాయణపేట, వనపర్తి, దేవరకొండ ప్రాంతాల్లో మంద ఈతకు వచ్చేలోగా ప్రతి కాపరీ రబ్బరు చేతి తొడుగులు, సబ్బు, ఒక సంచి సున్నం దగ్గర ఉంచుకోవాలి. అడ్డం తిరిగిన పిల్లను వట్టి చేతులతో లాగడం, దాని ముక్కులో నోటితో ఊదడం మన దగ్గర తాతల నాటి అలవాటే. కానీ చూడి చివరి నెలల్లో గొర్రె ఈసుకుపోతే (గర్భస్రావమైతే), ఆ మాయలో బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా కోట్లలో ఉండవచ్చు. గొర్రెలు, మేకలు, పశువుల మాయలో ఉండే ఎరిత్రిటాల్ అనే పదార్థం ఈ క్రిమికి మంచి మేత.

చేతి మీది గీరు ద్వారానో, కంట్లో పడిన చుక్క ద్వారానో, కాచని పాల ద్వారానో ఒంట్లోకి చేరిన క్రిమిని మన రక్షణ కణాలు మింగి ఒక సంచిలో బంధిస్తాయి. అందులో చాలావరకు చస్తాయి. మిగిలినవి ఆ సంచిలో పుల్లదనం పెరగడాన్నే గుర్తుగా తీసుకుని, తమ ప్రోటీన్లను కణంలోకి పంపి, సంచి జీర్ణరసాల వైపు పోకుండా మళ్లించి, కణం తన ప్రోటీన్లను తయారుచేసుకునే ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో తిష్ఠ వేసి పెరుగుతాయి. తోడేలు కావలికుక్క గూట్లోనే ఈనినట్టన్నమాట.

కాబట్టి మాయను, చచ్చిన పిల్లను కుక్కలకు వేయకూడదు. తొడుగులు వేసుకుని, కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పూడ్చాలి. ఈసుకుపోయిన గొర్రెను మందకు దూరంగా కట్టి, పశువైద్యునికి చూపాలి. గర్భిణులను ఈతల దగ్గరికి రానీయకూడదు. పాలు పొంగేదాకా కాచాలి. 1905లోనే మాల్టా ద్వీపంలో ఈ క్రిమి మనుషులకు తెచ్చే జ్వరానికి (బ్రూసెల్లోసిస్‌కు) మూలం మేకపాలని తేలింది.

జ్వరం వారాల తరబడి వచ్చిపోతూ, చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు ఉంటే, దాన్ని టైఫాయిడ్ అనుకుని సొంతంగా మందులు వాడరాదు. కణాల లోపల దాగిన క్రిమిని చంపడానికి సాధారణంగా డాక్సీసైక్లిన్‌తో పాటు మరో మందును 6 వారాలు వాడిస్తారు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే రోగం తిరగబెడుతుంది. జీవాలు కాస్తున్న సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. రక్తాన్ని పరీక్షించే ల్యాబ్ సిబ్బందికి కూడా ఈ క్రిమి సోకగలదు కనుక వారికీ ఆ మాట చేరాలి.