నకిలీ ఆన్‌లైన్ షాపులో పోయిన డబ్బు: ఏ లక్షణానికి ఏ డిస్ప్యూట్

కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో పెట్టే ఫిర్యాదే డిస్ప్యూట్. బ్యాంకుకు ఫోన్ చేసి ‘ఫ్రాడ్ జరిగింది’ అనడంతోనే గెలవాల్సిన కేసులు చాలా చేజారిపోతుంటాయి. కార్డు కంపెనీల లెక్కలో ఫ్రాడ్ అంటే మీకు తెలియకుండా వేరెవరో మీ కార్డు వాడటం. మీరే ఆర్డర్ పెట్టి, మీరే ఓటీపీ కొట్టిన లావాదేవీని ఆ పద్దులో వేస్తే, ఓటీపీ రికార్డు ఒక్కటి బయటికి రాగానే కేసు మూతపడుతుంది. అదే ఫిర్యాదును ‘సరుకు అందలేదు’ అనో, ‘చూపింది ఒకటి, పంపింది ఇంకొకటి’ అనో పెడితే ఓటీపీ అసలు లెక్కలోకే రాదు. సరుకు సరిగ్గా అందించామని చూపించాల్సిన భారం షాపు మీద పడుతుంది. అందుకే కింద ప్రతి సమస్యలోనూ అది ఏ పద్దులోకి వస్తుందో ముందు తేల్చి, తర్వాత ఏం చేయాలో చెప్పాం.

ఏ సమస్య అయినా ముందు ఇది: సైటు మాయం కాకముందే ఆధారాలు

నకిలీ షాపులు ఒకే పేరుతో ఎక్కువ కాలం నడవవు. ఫిర్యాదులు పెరగగానే పేరు మార్చి కొత్త డొమైన్‌లో, అంటే కొత్త సైటు చిరునామాతో, తెరుస్తారు. కాబట్టి అనుమానం వచ్చిన రోజే వస్తువు పేజీ (వివరణ, ఫోటోలు, ధర), డెలివరీ ఎన్ని రోజుల్లో అన్న హామీ, రిటర్న్ నిబంధనల పేజీ, ఆర్డర్ ధ్రువీకరణ మెయిల్, చాట్ సంభాషణ అన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. అడ్రస్ బార్‌లోని చిరునామా, తేదీ కనిపించాలి. ఫోన్‌లో తీస్తే చిరునామా సగం తెగిపోతుంది, కంప్యూటర్‌లో తీయడం మేలు. పేజీ మొత్తాన్ని పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి.

స్టేట్‌మెంట్‌లో పడిన వ్యాపారి పేరును ఒక్క అక్షరం మారకుండా రాసుకోండి. షాపు పేరుకూ దానికీ తరచుగా పొంతన ఉండదు. బ్యాంకు వెతికేది స్టేట్‌మెంట్ పేరునే.

డొమైన్ ఎప్పుడు పుట్టిందో ఐకాన్ (ICANN, ఇంటర్నెట్ డొమైన్ పేర్లను పర్యవేక్షించే సంస్థ) లుకప్ పేజీలో దొరుకుతుంది. 2025 జనవరి 28 నుంచి డాట్‌కామ్ లాంటి డొమైన్ల వివరాలు వెతకడానికి పాత హూయిజ్ (WHOIS) స్థానంలో ఆర్‌డాప్ (RDAP) అనే పద్ధతి అధికారికమైంది. పాత హూయిజ్ సైట్లు ఖాళీ జవాబిస్తే కంగారు పడకుండా ఐకాన్ పేజీలోనే చూడండి. పదేళ్ల నమ్మకం అని రాసుకున్న షాపు డొమైన్ నెల కిందటిదైతే, అది కేసును ఒంటిచేత్తో గెలిపించదు గానీ పక్క ఆధారంగా బాగా పనికొస్తుంది. అడ్రస్ బార్‌లో తాళం గుర్తు ఉందిగా అని అడగొద్దు. ఆ గుర్తు వెనకుండే సర్టిఫికెట్లు ఉచితంగా దొరుకుతాయి. మీ బ్రౌజర్‌కూ ఆ సైటుకూ మధ్య సమాచారం ఎవరూ చదవలేరని అది చెబుతుంది. ఆ సైటు నడిపేవాడు ఎలాంటివాడో చెప్పదు.

ఛార్జీ ఇంకా పెండింగ్‌లో ఉంటే సాధారణంగా డిస్ప్యూట్ తీసుకోరు, అది ఖాతాలో ఖరారయ్యేదాకా ఆగమంటారు. అయినా ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించడానికి అది అడ్డు కాదు.

లక్షణం: సరుకు రాలేదు, షాపు పలకడం లేదు

కారణం: పంపే ఉద్దేశమే లేదు, లేదా డిస్ప్యూట్ గడువు దాటేదాకా సాగదీస్తున్నారు. ‘కస్టమ్స్‌లో ఆగింది’, ‘గోడౌన్‌లో రద్దీ’, ‘ఇంకో రెండు వారాలు’ అన్న జవాబులన్నీ రెండో రకానివే.

పద్దు: సరుకు అందలేదు. వీసాలో దీని కోడ్ 13.1, మాస్టర్‌కార్డ్‌లో 4853 కిందికి వస్తుంది. కోడ్ వేసేది బ్యాంకే, కానీ మీరు ఆ పేరుతోనే అడిగితే తప్పు ఫారం చేతికి రాదు.

పరిష్కారం: షాపుకు ఒక్క మెయిల్ రాయండి. ఆర్డర్ నంబరు, చెల్లించిన తేదీ, మొత్తం, వాళ్లు హామీ ఇచ్చిన డెలివరీ తేదీ, పూర్తి సొమ్ము ఏ తేదీలోపు వెనక్కి కావాలో రాస్తే చాలు. తిట్లు, బెదిరింపులు వద్దు, ఆ మెయిల్ రేపు బ్యాంకు చదువుతుంది. మెయిల్ వెనక్కి తిరిగొస్తే మరీ మంచిది, ఆ బౌన్స్ సందేశాన్నే ఆధారంగా పెట్టండి.

గడువు సాధారణంగా 120 రోజులు. సరుకు రాని కేసుల్లో ఆ లెక్క చెల్లించిన రోజు నుంచి కాదు, సరుకు రావాల్సిన రోజు నుంచి మొదలవుతుంది. మొత్తం మీద లావాదేవీ నుంచి 540 రోజులు దాటకూడదు. అలాగని మరీ తొందరపడినా చిక్కే. డెలివరీ తేదీ ఎక్కడా చెప్పకపోతే వీసా 15 రోజులు, మాస్టర్‌కార్డ్ 30 రోజులు ఆగమంటాయి. ఇవి వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్‌ల నియమాలు మాత్రమే. బ్యాంకు తన ఖాతాదారులకు ఇంకా తక్కువ గడువు పెట్టి ఉండవచ్చు, కాబట్టి 120 రోజులున్నాయని నింపాదిగా కూర్చోవద్దు.

బ్యాంకుకు రాసే వివరణ ఇంతకంటే పెద్దది అక్కర్లేదు: “ఫలానా తేదీన ఈ సైటులో ఈ వస్తువు కొన్నాను. ఫలానా తేదీకల్లా అందిస్తామన్నారు. ఇప్పటిదాకా అందలేదు. ఫలానా తేదీన షాపుకు మెయిల్ రాశాను, డబ్బు తిరిగి ఇవ్వలేదు. పూర్తి మొత్తానికి డిస్ప్యూట్ కోరుతున్నాను.” ఆధారాలకు వరుస నంబర్లు వేసి జతచేయండి.

లక్షణం: ట్రాకింగ్‌లో ‘డెలివర్ అయింది’ అని ఉంది, మీకు మాత్రం ఏమీ రాలేదు

పాతుకుపోయిన ముఠాలు ఆడే ఆట ఇది. జనం ఓడిపోయేది కూడా ఎక్కువగా ఇక్కడే.

కారణం: అదే ఊళ్లో, అదే పిన్‌కోడ్‌లో ఇంకొకరికి వెళ్లిన పార్సిల్ ట్రాకింగ్ నంబరును మీ ఆర్డర్‌కు తగిలిస్తారు. లేదా మీ చిరునామాకే ఓ పనికిమాలిన వస్తువు, చవక ఉంగరమో ఖాళీ కవరో పంపుతారు. రెండింటి లక్ష్యం ఒకటే: డిస్ప్యూట్‌కు జవాబుగా చూపడానికి నిజమైన ‘డెలివరీ’ రికార్డు సంపాదించడం. ట్రాకింగ్ పేజీలో ఊరు, పిన్‌కోడ్ వరకే కనిపిస్తాయి, ఇంటి నంబరు కనిపించదు. ఆ ఖాళీలోనే మోసమంతా నడుస్తుంది.

పరిష్కారం: కొరియర్ సంస్థను నేరుగా సంప్రదించండి. నంబరు వాళ్ల అధికారిక సైటులోంచే తీసుకోవాలి, షాపు ఇచ్చిన లింకులోంచి కాదు. ‘ఈ ట్రాకింగ్ నంబరు నా చిరునామాకు డెలివరీ కాలేదు’ అని రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఎవరికి ఇచ్చారో చెప్పరు, అది గోప్యత. మీ ఇంటికి ఇవ్వలేదని చెప్పడానికి మాత్రం చాలాచోట్ల ఒప్పుకుంటారు. దాంతోపాటు పార్సిల్ బరువు, బుక్ చేసిన తేదీ అడగండి. కుర్చీ కొన్నవాళ్ల పార్సిల్ బరువు 50 గ్రాములని తేలితే ఇక వాదన అక్కర్లేదు. బుక్ చేసిన తేదీ మీ ఆర్డర్ తేదీకంటే ముందుంటే అంతకన్నా మేలు.

చిల్లర వస్తువు వచ్చిన వాళ్లు మాత్రం ‘సరుకు అందలేదు’ అని పెట్టకూడదు. ఏదో ఒకటి అందింది కాబట్టి ఆ కేసు ట్రాకింగ్ ముందు నిలవదు. వాళ్లది కింది పద్దు.

లక్షణం: వచ్చిన వస్తువు వేరు, పాడైనది, లేదా నకిలీది

పద్దు: వర్ణనకు భిన్నం, వీసాలో 13.3. బ్రాండు నకిలీ అయితే 13.4. రెండింటికీ తేడా ఉంది. 13.3లో వస్తువును తిప్పి పంపడమో, పంపడానికి ప్రయత్నించడమో తప్పనిసరి. నకిలీ బ్రాండు విషయంలో తిప్పి పంపక్కర్లేదు గానీ, అది నకిలీదని బ్రాండు యజమానో, కస్టమ్స్ శాఖో, ఆ వస్తువు తెలిసిన నిపుణుడో ఇచ్చిన రాత కావాలి. ‘చూస్తేనే తెలుస్తోంది’ అంటే చాలదు.

పరిష్కారం: పార్సిల్ కవరు పారేయకండి. దాని మీద పంపినవారి చిరునామా, బరువు, కస్టమ్స్ చీటీలో రాసిన వస్తువు పేరు ఉంటాయి. ‘ప్లాస్టిక్ బొమ్మ’ అని వాళ్లే రాసుకున్న చీటీ మీకు దొరికే గట్టి సాక్ష్యాల్లో ఒకటి. సైటులోని ఫోటో పక్కన వచ్చిన వస్తువు ఫోటో పెట్టి ఒకే పేజీలో చూపించండి.

ఆ తర్వాత బేరాలు మొదలవుతాయి. ముందు 15 శాతం ఇస్తాం, వస్తువు ఉంచుకోండి అంటారు. కాదంటే 30 శాతం, ఆపైన సగం. ఒక్కసారి ఒప్పుకుంటే మిగతా సొమ్ముకు డిస్ప్యూట్ పెట్టే దారి మూసుకుపోయినట్టే. ‘పాక్షిక రీఫండ్‌కు ఒప్పుకోను, పూర్తి మొత్తం కావాలి, వస్తువు తిరిగి ఇవ్వడానికి సిద్ధం, రిటర్న్ చిరునామా, లేబుల్ పంపండి’ అని ప్రతిసారీ అదే వాక్యం రాయండి. చివరి భాగమే ముఖ్యం, ఎందుకంటే తిప్పి పంపడానికి మీరు ప్రయత్నించినట్టు అదే రుజువు. వాళ్లు చిరునామా ఇవ్వకపోతే ఆ మౌనమూ మీకే లాభం. వస్తువు ధరకు మించిన ఖర్చుతో ఎక్కడో దూరదేశానికి సొంత డబ్బుతో పంపమంటే, ముందుగా బ్యాంకును అడగకుండా పంపొద్దు. పంపక తప్పకపోతే ట్రాకింగ్ ఉన్న సేవలోనే పంపి రసీదు దాచండి.

పేపాల్‌లో చెల్లించినవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. అక్కడ చెల్లించిన రోజు నుంచి 180 రోజుల్లోపు డిస్ప్యూట్ తెరవాలి, తెరిచాక 20 రోజుల్లోపు దాన్ని క్లెయిమ్‌గా పెంచాలి. పెంచకపోతే డిస్ప్యూట్ దానంతటదే మూసుకుపోతుంది. మూసుకుపోయినదాన్ని మళ్లీ తెరవరు. ‘డిస్ప్యూట్ మూసేయండి, వెంటనే డబ్బు వేస్తాం’ అని అమ్మకందారు బతిమాలేది ఇందుకే. డబ్బు పడ్డాకే మూయండి. ‘స్నేహితులు, కుటుంబం’ పద్ధతిలో పంపి ఉంటే ఆ రక్షణ అసలు వర్తించదు.

లక్షణం: ఒకసారి కొన్నారు, నెలనెలా కోత పడుతోంది

కారణం: చెల్లింపు పేజీలో ముందే టిక్ పెట్టి ఉంచిన సభ్యత్వం, లేదా ‘షిప్పింగ్ ఖర్చు మాత్రమే’ అన్న ట్రయల్ ప్యాక్.

కార్డు మార్చేస్తే సరిపోతుందని అనుకుంటారు, సరిపోదు. వీసాకూ మాస్టర్‌కార్డ్‌కూ కొత్త కార్డు వివరాలను వ్యాపారులకు అందించే అప్‌డేటర్ సేవలున్నాయి. నిజమైన సబ్‌స్క్రిప్షన్లు ఆగకుండా పెట్టిన ఈ సౌకర్యం మోసగాళ్లకూ కలిసొస్తుంది. కాబట్టి బ్యాంకులో మూడు విడివిడిగా అడగండి: ఆ వ్యాపారికి ఇచ్చిన అనుమతి రద్దు, ఆ వ్యాపారి నుంచి వచ్చే ఛార్జీల నిలుపుదల, కొత్త నంబరుతో కార్డు. షాపుకు రద్దు మెయిల్ కూడా పంపండి. ఆ తేదీ తర్వాత పడిన ప్రతి కోతా ‘రద్దు చేసిన సబ్‌స్క్రిప్షన్’ పద్దులోకి, వీసాలో 13.2 కిందికి వస్తుంది. ఒకే కొనుగోలుకు రెండుసార్లు పడితే అది డూప్లికేట్, చెప్పినదానికంటే ఎక్కువ పడితే మొత్తంలో తప్పు. ఇవి రెండూ తేలిక కేసులు, ఆర్డర్ మెయిల్, స్టేట్‌మెంట్ జతచేస్తే చాలు.

లక్షణం: అసలు కొననే లేదు, అయినా ఛార్జీ పడింది

ఇది మాత్రమే అసలైన ఫ్రాడ్. కొన్ని నకిలీ షాపులకు సరుకుతో పనే లేదు, కార్డు వివరాలు పోగేయడమే పని. ‘చెల్లింపు విఫలమైంది, ఇంకో కార్డు ప్రయత్నించండి’ అని పదేపదే చూపిన సైటును ముందుగా అనుమానించండి. అక్కడ కొట్టిన కార్డులన్నీ బ్లాక్ చేయించాలి. అదే పాస్‌వర్డ్ వేరేచోట్ల వాడి ఉంటే అదీ మార్చాలి. చిన్న మొత్తం ఒకటి పడిందంటే కార్డు పనిచేస్తుందో లేదో చూస్తున్నారని అర్థం, పెద్దది వెనకే వస్తుంది. ఇక్కడ ఆలస్యమైతే నష్టంలో మీ వాటా పెరగవచ్చు. ఫోన్ చేసిన సమయం, ఫిర్యాదు నంబరు రాసుకోండి.

లక్షణం: వెనక్కి వచ్చిన డబ్బు మళ్లీ పోయింది, లేదా డిస్ప్యూట్ తిరస్కరించారు

కారణం: మొదట జమ చేసింది తాత్కాలికం. షాపు జవాబిస్తే బ్యాంకు దాన్ని వెనక్కి తీసుకోగలదు. కేసు పూర్తయిందని రాతపూర్వకంగా వచ్చేదాకా ఆ డబ్బు ఖర్చు చేయకండి.

పరిష్కారం: షాపు సమర్పించిన పత్రాల కాపీ అడగండి. అందులో తరచుగా ఉండేది పైన చెప్పిన ట్రాకింగ్ పేజీయే. దానికి కొరియర్ రాతతో, బరువు వివరంతో అంశం తర్వాత అంశంగా జవాబివ్వండి. దీనికి బ్యాంకు ఇచ్చే వ్యవధి చాలా తక్కువ, ఉత్తరం అందిన రోజే తేదీ చూసుకోండి. ‘రీఫండ్ చేసేశాం’ అని షాపు అంటే ఏఆర్‌ఎన్ అనే 23 అంకెల నంబరు అడగండి. నిజంగా పంపి ఉంటే మీ బ్యాంకు దాంతో వెతికి పట్టగలదు. ఇవ్వలేకపోతే రీఫండ్ లేనట్టే.

చార్జ్‌బ్యాక్, అంటే డిస్ప్యూట్ ద్వారా షాపు నుంచి డబ్బు వెనక్కి రాబట్టడం, కార్డు కంపెనీల నియమం, చట్టం వేరు. కొన్ని దేశాల్లో చట్టం ఇంకో తలుపు తెరుస్తుంది. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 ప్రకారం, 100 పౌండ్లు దాటి 30,000 దాకా ధర ఉన్న వస్తువును క్రెడిట్ కార్డుతో కొంటే, కార్డు ఇచ్చిన సంస్థా బాధ్యత మోస్తుంది. మీ దేశపు నియమాల్లో, బ్యాంకుల అంబుడ్స్‌మన్ దగ్గర ఏముందో చూసుకోండి.

లక్షణం: కట్టింది కార్డుతో కాదు

బ్యాంకు బదిలీ, గిఫ్ట్ కార్డు, క్రిప్టో, వీటికి చార్జ్‌బ్యాక్ లేదు. బదిలీ అయితే వెంటనే బ్యాంకు ఫ్రాడ్ విభాగానికి ఫోన్ చేసి, అవతలి ఖాతాలో సొమ్ము నిలిపివేయమనాలి. సొమ్ము అక్కడి నుంచి ఇంకో ఖాతాకు జారేలోపే ఏదైనా జరిగితే జరుగుతుంది. పోలీసుల సైబర్ విభాగంలో ఫిర్యాదు అదే రోజు పెట్టండి. గిఫ్ట్ కార్డు అయితే దాన్ని జారీ చేసిన సంస్థకు నంబరు, రసీదు చెప్పండి, వాడకుండా మిగిలి ఉంటే ఆపగలరు.

ఆ తర్వాత మీకు ఫోన్లు వస్తాయి. ‘మీ డబ్బు రాబట్టి ఇస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి’ అంటారు, లేదంటే స్క్రీన్ చూపే యాప్ వేసుకోమంటారు. మోసపోయినవాళ్ల జాబితాలు చేతులు మారుతుంటాయి. ఫోన్ పెట్టేసి, ఆ నంబరును కూడా పోలీసు ఫిర్యాదులో చేర్చండి.

సైటును మూయించాలనుకుంటే, ఐకాన్ లుకప్‌లోనే రిజిస్ట్రార్ (ఆ డొమైన్‌ను నమోదు చేసిన సంస్థ) దుర్వినియోగ ఫిర్యాదులు తీసుకునే మెయిల్ చిరునామా కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్లు దానికి పంపండి. ప్రకటన ఎక్కడ చూశారో ఆ వేదికకు రిపోర్ట్ చేయండి. షాపు వేరే దేశంలో ఉంటే, వివిధ దేశాల వినియోగదారుల సంస్థలు కలిసి నడిపే ఈకన్స్యూమర్ డాట్ గవ్‌లో నమోదు చేయవచ్చు. వీటివల్ల మీ డబ్బు రాదు, కాబట్టి డిస్ప్యూట్ ఫారం బ్యాంకుకు చేరాకే ఈ పనులు మొదలుపెట్టండి. సైటు ముందే మూతపడితే, ఆధారాల్లో మరిచిపోయిన పేజీని మళ్లీ తీసుకునే వీలుండదు.